ఆరోగ్య బీమా చెల్లింపుల్లో జాప్యం – ఆసుపత్రులు, వైద్యులపై ఆర్థిక భారం

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్: ఆరోగ్యశ్రీ సేవలు నిలిచిపోయాయన్న వార్తను 2025వ సంవత్సరంలో తెలుగు పాఠకులు పలుమార్లు చదివారు. తెలంగాణలో జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో మరొకసారి, ఆంధ్రప్రదేశ్‌లో అక్టోబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలను నిలిపివేశాయి. చేసిన చికిత్సలకు రావలసిన సొమ్ము రాలేదన్నదే ప్రతి సందర్భంలోనూ ఆసుపత్రులు చూపిన కారణం. తమకు వెయ్యి కోట్ల రూపాయలకు పైబడి రావలసి ఉన్నదని తెలంగాణలోని ఆసుపత్రుల సంఘం, రెండు వేల కోట్లకు పైబడి రావలసి ఉన్నదని ఆంధ్రప్రదేశ్‌లోని సంఘం ప్రకటించాయి. ప్రభుత్వాలతో చర్చల అనంతరం సేవలు తిరిగి ప్రారంభమైన విషయం విదితమే. అయితే కార్డు చేతబట్టుకొని ఆసుపత్రి గుమ్మం వద్దకు వచ్చిన రోగికి ఆ కొద్ది రోజుల్లో కలిగిన ఇబ్బంది ఏ లెక్కలోనూ చేరదు. ఈ పరిస్థితి పదే పదే ఎందుకు తలెత్తుతున్నదో పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సాధారణంగా ఈ వివాదాన్ని ధరల వివాదంగా చూస్తారు. ప్యాకేజీ ధర చాలదని ఆసుపత్రులు, చాలునని చెల్లించేవారు వాదిస్తారు. ధర ముఖ్యమే. కానీ ధర కంటే ఎక్కువగా ఆసుపత్రిని కుంగదీసేది చికిత్స జరిగిన రోజుకు, సొమ్ము ఖాతాలో జమ అయిన రోజుకు మధ్య గల వ్యవధి. మన గ్రామాల్లో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని లెక్కిస్తారు. రూపాయి వడ్డీ అంటే సంవత్సరానికి 12 శాతం. ఆ లెక్కన చూస్తే నూరు రూపాయల ప్యాకేజీ సొమ్ము ఒక నెల ఆలస్యమైతే ఆసుపత్రికి దక్కేది 99 రూపాయలు, ఆరు నెలలు ఆలస్యమైతే 94 రూపాయలు. ధరల పట్టికలో ఒక్క అంకె మారకుండానే ధర తగ్గిపోతున్నదన్నమాట.

ప్యాకేజీలో ఏముంటుంది?

రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1వ తేదీన మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభమైంది. తొలిదశలో ఒక బీమా సంస్థ ద్వారా, 2008 జూలై నుండి ప్రవేశపెట్టిన రెండవ దశలో నేరుగా ఆరోగ్యశ్రీ ట్రస్టు ద్వారా చెల్లింపులు జరిగాయి. అప్పట్లో కుటుంబానికి సంవత్సరానికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే అదనంగా మరో 50 వేల రూపాయల మేరకు చికిత్స లభించేది. రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాల్లోనూ పథకం కొనసాగింది. ఆంధ్రప్రదేశ్‌లో పేరు పలుమార్లు మారి, 2024 నుండి డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవగా వ్యవహరిస్తున్నారు. 2023 డిసెంబరులో తెలంగాణ పరిమితిని 10 లక్షల రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షల రూపాయలకు పెంచాయి.

పరిమితి పెంపు వార్తకు పత్రికల్లో పతాక శీర్షిక లభిస్తుంది. అది కుటుంబానికి కల్పించే రక్షణకు సంబంధించిన అంకె. ఒక్కొక్క చికిత్సకు ఆసుపత్రికి చెల్లించే మొత్తానికి దానితో సంబంధం లేదు. పరిమితి పెరిగిన రోజున అపెండిసైటిస్ శస్త్రచికిత్స ధర ఒక్క రూపాయి కూడా పెరగదు. ఈ రెంటినీ కలిపి రాయడం వలన ఆసుపత్రులకు భారీగా సొమ్ము ముడుతున్నదన్న అభిప్రాయం ప్రజల్లో ఏర్పడుతున్నది.

ప్యాకేజీ అంటే శస్త్రచికిత్స రుసుము ఒక్కటే కాదు. రోగి ఆసుపత్రిలో అడుగుపెట్టినది మొదలు వ్యాధి నిర్ధారణ పరీక్షలు, మందులు, ఇంప్లాంట్లు, మత్తు వైద్యుని రుసుము, నర్సింగ్ సేవలు, రోగికి భోజనం, డిశ్చార్జి అనంతరం వాడవలసిన మందులు, చివరకు ఇంటికి చేరేందుకు ప్రయాణ ఖర్చు కూడా అందులోనే ఇమిడి ఉన్నాయి. కార్డు గల రోగికి ఓ.పి. పరీక్షలు ఉచితంగా చేయాలి. పరీక్షించిన పదిమందిలో ఇద్దరికే శస్త్రచికిత్స అవసరమైతే, మిగిలిన ఎనిమిది మంది పరీక్షల ఖర్చును కూడా ఆ ఇద్దరి ప్యాకేజీ నుండే రాబట్టుకోవాలి. పేద రోగి కోణం నుండి చూస్తే ఇంత సమగ్రమైన ఏర్పాటు మరొకటి లేదు, అందులో సందేహం లేదు. కానీ ఇందులోని ప్రతి అంశానికీ ఆసుపత్రి ముందుగా నగదు వెచ్చించాలి.

పైగా ధరలు ఏటేటా మారవు. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో 1,375 చికిత్సల ప్యాకేజీ ధరలను పెంచి, కొత్తగా 163 చికిత్సలను చేర్చింది. దీనితో పథకం కింద గల చికిత్సల సంఖ్య 1,835కు చేరింది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకమైన సి.జి.హెచ్.ఎస్.లో 2014 తరువాత ధరల సమగ్ర సవరణ 2025 అక్టోబరులో గాని అమలులోకి రాలేదు. ఈలోగా నర్సుల జీతాలు, విద్యుత్ చార్జీలు, భవనం అద్దెలు ఎవరి కోసమూ ఆగలేదు.

ఒక క్లెయిము ప్రయాణం

రోగి ఆసుపత్రికి రాగానే ఆరోగ్యమిత్ర కార్డు వివరాలు పరిశీలిస్తారు. వైద్యుడు వ్యాధిని నిర్ధారించి, నివేదికలు, ఛాయాచిత్రాలతో ముందస్తు అనుమతి కోసం ఆన్‌లైన్‌లో పంపుతారు. అనుమతి వచ్చాక చికిత్స జరుగుతుంది. డిశ్చార్జి తరువాత కేస్ షీటు, శస్త్రచికిత్స వివరాలు, పరీక్షల నివేదికలు, రోగి సంతకంతో కూడిన సంతృప్తి పత్రం జతచేసి క్లెయిము దాఖలు చేయాలి. దానిని అవతలి వైపు వైద్యులు పరిశీలిస్తారు. సందేహం కలిగితే వివరణ కోరుతూ తిప్పి పంపుతారు. ఆసుపత్రి సమాధానం పంపిన పిదప క్లెయిము తిరిగి వరుసలో చేరుతుంది. ఆమోదం పొందిన తరువాత కూడా నిధుల విడుదల జరిగితేనే సొమ్ము ఖాతాకు చేరుతుంది.

ఈ దశలన్నీ అవసరమైనవే. ప్రజాధనం ఖర్చయ్యేచోట పరిశీలన ఉండాలి. అయితే ఏ దశలో ఎన్ని రోజులు గడిచినా ఆ రోజుల వడ్డీ భరించేది ఒక్క ఆసుపత్రి మాత్రమే అన్న సంగతి గమనార్హం. ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన మార్గదర్శకాలు రాష్ట్రంలోని ఆసుపత్రులకు 15 రోజుల్లో, ఇతర రాష్ట్రాల లబ్ధిదారుల విషయంలో 30 రోజుల్లో చెల్లించాలని గడువు విధించాయి. గడువు అంటూ ఒకటి ఉంటే ఆలస్యాన్ని కొలవడానికైనా వీలుంటుంది.

జిల్లా కేంద్రంలోని ఒక 50 పడకల ఆసుపత్రిని ఊహించుకుందాం. పథకం కింద నెలకు 40 లక్షల రూపాయల చికిత్సలు చేస్తున్నదనుకుందాం. సొమ్ము ఆరు నెలల తరువాత వస్తుంటే ఎల్లవేళలా 2 కోట్ల 40 లక్షల రూపాయలు బయట నిలిచి ఉంటాయి. ఆ మేరకు రూపాయి వడ్డీకి అప్పు తెస్తే నెలకు 2 లక్షల 40 వేలు, సంవత్సరానికి 28 లక్షల 80 వేల రూపాయలు వడ్డీ కిందే పోతుంది. సంవత్సరపు బిల్లు 4 కోట్ల 80 లక్షలు కాబట్టి ఇది నూటికి 6 వంతులు. బ్యాంకు హద్దు దాటి ప్రైవేటు ఫైనాన్సు వద్ద రెండు రూపాయల వడ్డీకి తెస్తే నూటికి 12 వంతులు. ఆ ఆసుపత్రికి నూటికి 10 వంతుల లాభం మిగిలే స్థితి ఉన్నా, రెండు రూపాయల వడ్డీతో అది నష్టాల్లో పడుతుంది. ఆసుపత్రి బాగా నడుస్తున్నకొద్దీ, అంటే పథకం రోగులు పెరిగినకొద్దీ, బయట నిలిచే సొమ్మూ పెరుగుతుంది. రోగులతో కిటకిటలాడే నర్సింగ్ హోము అప్పులపాలైందంటే వినేవారు నమ్మకపోవడానికి కారణం ఇదే.

ఆసుపత్రికి సరఫరాలు చేసేవారు మాత్రం ఆరు నెలలు ఆగరు. మందుల డిస్ట్రిబ్యూటర్లు వారాల్లోనే బాకీ అడుగుతారు. ఆక్సిజన్ సరఫరా, సిబ్బంది జీతాలు ఏ నెలకు ఆ నెల. తయారీ, సేవా రంగాల్లోని సూక్ష్మ, చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించకపోతే ఆ మొత్తాన్ని చెల్లించేవరకు ఖర్చుగా చూపరాదన్న ఆదాయపు పన్ను నిబంధన 2024 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. చిన్న సంస్థలకు అది మేలైన నిబంధనే. అయితే తనకు రావలసినది సకాలంలో రాని ఆసుపత్రికి అది మరో బరువు.

పన్నుల ప్రస్తావన వచ్చింది కనుక మరొక్క విషయం. బీమా సంస్థలు, వాటి తరఫున క్లెయిములు చూసే థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్లు ఆసుపత్రులకు చేసే చెల్లింపుల నుండి మూలంలోనే పన్ను మినహాయించాలని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2009 నవంబరులో స్పష్టం చేసింది. రేటు 10 శాతం. ఈ కోత ఆసుపత్రి లాభంపై కాక మొత్తం బిల్లుపై పడుతుంది. పై ఉదాహరణలోని ఆసుపత్రికి ఏడాదికి 48 లక్షల రూపాయలు టి.డి.ఎస్. రూపంలో పోతాయి. లాభం 48 లక్షలే అనుకొని దానిపై 30 శాతం పన్ను వేసినా కట్టవలసినది సుమారు 14 లక్షల 40 వేలు. మిగిలిన 33 లక్షల పైచిలుకు సొమ్ము రిటర్ను దాఖలు చేసి, రిఫండు వచ్చేవరకు ఆసుపత్రి చేతిలో ఉండదు. తక్కువ కోతకు ధ్రువపత్రం పొందే అవకాశం చట్టంలో ఉన్నది. కార్పొరేట్ ఆసుపత్రుల ఖాతాల విభాగాలు దానిని వినియోగించుకోగలవు. భార్యాభర్తలిద్దరూ వైద్యులై నడుపుకొనే నర్సింగ్ హోముకు అంతటి తీరిక గాని, తోడ్పాటు గాని ఉండదు.

వైద్యుల పరిస్థితి

చిన్న పట్టణాల ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స నిపుణులు, మత్తు వైద్యులు, రేడియాలజిస్టులు చాలావరకు నెల జీతంపై ఉండరు. పిలిచినప్పుడు వచ్చి, కేసుకు ఇంత అని తీసుకుంటారు. క్లెయిము సొమ్ము రాకపోతే ముందుగా ఆగేది వీరి రుసుమే. మందుల దుకాణం బాకీ తీర్చకపోతే సరఫరా ఆగిపోతుంది, నర్సు జీతం ఇవ్వకపోతే ఆమె మరుసటి నెల రాదు. వైద్యుడు మాత్రం ‘క్లెయిము వచ్చాక చూద్దాం’ అన్న మాటకు తల ఊపుతాడు. ఆ క్లెయిములో కోత పడితే అతని వాటాలోనూ కోత పడుతుంది. చికిత్స సక్రమంగానే చేసినా, కాగితాల్లో ఒక నివేదిక జతకాలేదన్న కారణంతో తన రుసుము తగ్గడం వైద్యునికి మింగుడుపడదు. పథకం కేసులకు రాలేమని నిపుణులు మొగమాటం లేకుండా చెప్పడం మొదలైతే, ఆసుపత్రి జాబితాలో ఉన్నప్పటికీ సేవ లేనట్లే. సేవల నిలిపివేతలు పత్రికల్లో వస్తాయి. నిపుణులు ఒక్కరొక్కరుగా తప్పుకోవడం వార్త కాదు.

ప్రభుత్వ ఆసుపత్రులు సైతం ఇదే పథకం కింద క్లెయిములు దాఖలు చేస్తాయి. అక్కడ వచ్చిన మొత్తంలో కొంత వైద్య బృందానికి ప్రోత్సాహకంగా, కొంత ఆసుపత్రి అభివృద్ధికి వినియోగిస్తారు. జీతాలు ఖజానా నుండి వస్తాయి గనుక జాప్యం వారి మనుగడకు ముప్పు తేదు.

ప్రైవేటు బీమా తీరు

స్వయంగా ప్రీమియం చెల్లించి పాలసీ తీసుకున్నవారి విషయంలో ఒత్తిడి స్వరూపం వేరు. థర్డ్ పార్టీ అడ్మినిస్ట్రేటర్ల వ్యవస్థకు 2001లో బీమా నియంత్రణ సంస్థ నిబంధనలు రూపొందించింది. నగదు రహిత చికిత్స విస్తరించింది ఆ తరువాతనే. 2010 జూలైలో ప్రభుత్వరంగ బీమా సంస్థలు నాలుగూ కలిసి ఢిల్లీ, ముంబయి, బెంగుళూరు, చెన్నై నగరాల్లోని అనేక పెద్ద ఆసుపత్రులను నగదు రహిత సేవల జాబితా నుండి తొలగించి, నిర్ణీత ధరలకు అంగీకరించిన ఆసుపత్రులతో వేరే జాబితా రూపొందించాయి. ఒకే పాలసీ గల రోగికి ఒక ఆసుపత్రిలో నగదు అక్కరలేదు, పక్క వీధిలోని ఆసుపత్రిలో ముందు చెల్లించి తరువాత రాబట్టుకోవాలి. 2025 ఆగస్టులో ఉత్తరాదిన ఆసుపత్రుల సంఘం ఒకటి, ఒక పెద్ద బీమా సంస్థ పాలసీదారులకు నగదు రహిత సేవలు ఆపివేయాలని సభ్యులకు సూచించింది. ధరలు సవరించలేదన్న ఫిర్యాదే అక్కడా మూలం.

గది అద్దె నిబంధన మరో చిక్కు. పాలసీ మొత్తం 3 లక్షలు, గది అద్దె అందులో రోజుకు ఒక శాతం అంటే 3 వేల రూపాయలకు పరిమితమని అనుకుందాం. రోగి బంధువులు 6 వేల రూపాయల గది కోరుకుంటే, అద్దెలో సగమే కాదు, వైద్యుల రుసుము, ఆపరేషన్ థియేటర్ చార్జీలు కూడా సగానికి తగ్గించి లెక్కిస్తారు. మందులు, ఇంప్లాంట్లు, వ్యాధి నిర్ధారణ పరీక్షలు, ఐ.సి.యు. చార్జీలకు ఈ దామాషా కోత వర్తించరాదని 2020లో అమలులోకి వచ్చిన మార్గదర్శకాలు నిర్దేశించాయి. మిగిలిన తేడాను డిశ్చార్జి సమయంలో రోగి నుండి వసూలు చేయవలసినది ఆసుపత్రి. పాలసీ పత్రంలోని షరతుకు బిల్లింగ్ గుమాస్తా మాటలు పడతాడు.

బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ 2024 మే నెలలో జారీ చేసిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం నగదు రహిత చికిత్స అభ్యర్థనపై గంటలోగా, డిశ్చార్జి బిల్లుపై మూడు గంటల్లోగా బీమా సంస్థ నిర్ణయం తెలపాలి. మూడు గంటలు దాటినందున ఆసుపత్రి అదనంగా విధించే చార్జీని బీమా సంస్థ తన వాటాదారుల నిధి నుండి భరించాలి. రోగికి ఇది గొప్ప ఊరట. అయితే ఈ రెండు గడువులూ అనుమతికి చెందినవి. ఆ అనుమతి సొమ్ముగా మారే తేదీని ఆసుపత్రికి, బీమా సంస్థకు మధ్య గల ఒప్పందమే నిర్ణయిస్తుంది. ఒప్పందం షరతులను శాసించగల శక్తి వందల పడకల ఆసుపత్రికి ఉండవచ్చు, 30 పడకల ఆసుపత్రికి ఉండదు.

చెల్లించేవారి వాదన

చెల్లించే పక్షం వాదనను తోసిపుచ్చడానికి వీలులేదు. అవసరం లేని చికిత్సలు, పడకపై లేని రోగుల పేరిట బిల్లులు, చిన్న చికిత్సను పెద్ద ప్యాకేజీ కింద చూపడం వంటి అక్రమాలు దేశమంతటా బయటపడ్డాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ తొలి సంవత్సరాల్లోనే గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు అనవసరంగా జరుగుతున్నాయన్న తీవ్ర విమర్శలు వచ్చిన మీదట వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకు పరిమితం చేయడం జరిగింది. ముప్పై ఏళ్లు నిండని స్త్రీలు సైతం బాధితుల్లో ఉన్నారన్నది మరువరాని విషయం. క్లెయిములో ప్రశ్నలు పెరగడానికి ఆనాటి చేదు అనుభవాలు కొంత కారణం. కాకపోతే అక్రమార్కుని క్లెయిమును, నిజాయితీపరుని క్లెయిమును ఒకే విధంగా ఆరు నెలలు నిలిపివేస్తే అక్రమం తగ్గదు. ఆరు నెలలు ఆగగల ఆర్థిక స్తోమత ఉన్నవారు మిగులుతారు, అంతే.

నేరుగా ట్రస్టు చెల్లించాలా, బీమా సంస్థ ద్వారా చెల్లించాలా అన్న చర్చ రెండు దశాబ్దాలుగా సాగుతున్నది. ట్రస్టు పద్ధతిలో లాభాపేక్ష లేదు, కానీ బడ్జెటు విడుదలలపై ఆధారపడాలి. బీమా పద్ధతిలో ప్రీమియం ముందే చెల్లించబడుతుంది, కానీ ప్రతి క్లెయిమును తగ్గించడంలో సంస్థకు స్వప్రయోజనం ఉంటుంది. ఒకచోట భయం జాప్యం, మరొకచోట భయం కోత. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 సెప్టెంబరులో రెండింటినీ కలిపిన విధానాన్ని ఆమోదించింది. దాని ప్రకారం రెండున్నర లక్షల రూపాయల వరకు బీమా సంస్థ, ఆ పైన 25 లక్షల వరకు ట్రస్టు భరించాలి. ఇటువంటి విధానంలో ఒకే రోగి బిల్లు రెండు చేతులు మారే అవకాశం ఉన్నందున, ప్రతి దశకూ గడువు నిర్ణయించడం మరింత ముఖ్యమవుతుంది.

బకాయి అంకెలు ఎందుకు సరిపోవు?

బకాయి ఎంత అన్న ప్రశ్నకు ఆసుపత్రుల సంఘం ఒక అంకె, శాఖ మరొక అంకె చెప్పినప్పుడు, ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారని పాత్రికేయ మిత్రులు భావించడం సహజం. చాలాసార్లు ఇద్దరూ నిజమే చెబుతుంటారు. ఆసుపత్రి తాను రోగిని డిశ్చార్జి చేసిన రోజు నుండే ఆ సొమ్మును బకాయిగా పరిగణిస్తుంది. చెల్లించే సంస్థ దృష్టిలో ఆమోదం పొందిన క్లెయిము మాత్రమే బకాయి. పరిశీలనలో ఉన్నవి, వివరణ కోసం తిప్పి పంపినవి దాని లెక్కలోకి రావు. ఉద్యోగులు, పాత్రికేయుల ఆరోగ్య పథకం బిల్లులు ఒక పక్షం కలుపుతుంది, మరొక పక్షం విడిగా చూపుతుంది. టి.డి.ఎస్. కోతకు ముందు మొత్తమా, తరువాత మొత్తమా అన్న తేడా ఉండనే ఉన్నది.

కాబట్టి మొత్తం అంకె కంటే క్లెయిముల వయస్సు అడగడం ఎక్కువ ప్రయోజనకరం. దాఖలై 30 రోజులలోపు ఉన్నవి ఎన్ని, 90 రోజులు దాటినవి ఎన్ని, 180 రోజులు దాటినవి ఎన్ని, వాటిలో వివరణ కోసం ఆసుపత్రి వద్దనే ఆగినవి ఎన్ని అన్న వివరాలు ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదై ఉంటాయి. ఆలస్యం బడ్జెటులో ఉన్నదా, పరిశీలనలో ఉన్నదా, ఆసుపత్రి కాగితాల్లో ఉన్నదా అన్నది ఆ నాలుగు అంకెలు తేటతెల్లం చేస్తాయి. జిల్లా సమన్వయకర్తలు నెలవారీ సమీక్షల్లో ఈ విభజనను పట్టిక రూపంలో ఉంచితే, వెయ్యి కోట్ల వంటి గుండు అంకెపై వాదోపవాదాలకు అవకాశం తగ్గుతుంది.

ఫిర్యాదు చేసే వేదికల విషయంలో కూడా ఒక తేడా గుర్తించాలి. ప్రైవేటు పాలసీ క్లెయిము తిరస్కరణకు గురైతే పాలసీదారు మొదట బీమా సంస్థ ఫిర్యాదుల విభాగానికి, ఆపై నియంత్రణ సంస్థకు చెందిన బీమా భరోసా పోర్టల్‌కు, లేదా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయానికి వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలతో పాటు యానాం కూడా ఈ కార్యాలయ పరిధిలోనిదే. రుసుము లేదు, న్యాయవాది అక్కరలేదు. ఈ వేదిక పాలసీదారు కొరకు ఏర్పాటైనది. చికిత్స చేసి సొమ్ము రాని ఆసుపత్రి అక్కడ తన పేరిట ఫిర్యాదు చేయలేదు. ఒప్పందంలోని వివాద పరిష్కార నిబంధన, అది విఫలమైతే న్యాయస్థానం మాత్రమే దానికి గల దారులు.